మజిల్‌లోడర్ రైఫిల్‌లో కోనికల్ బులెట్ గురి పరీక్షించడం ఎలా? మెలిక కొలత నుంచి చివరి షాట్ దాకా

గుండ్రటి సీసపు గుండుతో చక్కగా కొట్టే మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు, తూటా దట్టించే రైఫిల్), కోనికల్ బులెట్ (ముక్కున్న పొడవాటి సీసపు తూటా) దట్టించగానే కాగితమంతా చిల్లులు పొడుస్తోందని చాలామంది అడుగుతున్నారు. "తుపాకి మందు ఎంత పోయాలి?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. నా లెక్కలో అది నాలుగోది. గొట్టంలో మెలిక ఎంత, తూటా అడుగు సాపుగా ఉందా, ప్రతి షాట్‌నీ ఒకేలా దట్టిస్తున్నారా అన్న మూడూ ముందు తేలాలి. అవి తేలకుండా మందు మారుస్తూ పోతే సీసం, మందు, సెలవు రోజులు ఖర్చవుతాయే గానీ ఏ తూటా మంచిదో తెలియదు.

నేనూ మొదట్లో అదే దారిలో వెళ్లాను. ఒకరోజు మూడు షాట్లు ఒకదానికొకటి తగులుతూ పడ్డాయి. ఇదే నా లోడ్ (మందు, తూటాల జత) అని పుస్తకంలో రాసేసుకున్నాను. వారం తర్వాత అదే లోడ్‌తో అయిదు షాట్లు కొడితే గ్రూప్, అంటే చిల్లులు పరుచుకున్న మేర, మూడింతలైంది. రైఫిల్ మారలేదు, తూటా మారలేదు. నేను గొట్టం తుడిచిన తీరు, దట్టించే కడ్డీ నొక్కిన తీరు మారాయి. ఈ పద్ధతి ఆ తర్వాత కుదిరింది.

1. ముందుగా వదలకూడని జాగ్రత్తలు

.50 క్యాలిబర్‌లో (గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం) .490 అంగుళాల గుండు దాదాపు 177 గ్రెయిన్లు తూగుతుంది (గ్రెయిన్ అంటే దాదాపు 0.065 గ్రాము). అదే క్యాలిబర్ కోనికల్ మామూలుగా 350 గ్రెయిన్ల పైనే ఉంటుంది. బరువు రెట్టింపైతే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది, భుజానికి తగిలే తన్నూ పెరుగుతుంది. అందుకే గుండుకు రాసిన గరిష్ఠ మోతాదును కోనికల్‌కు వాడకూడదు. రైఫిల్ తయారీదారు ఇచ్చిన పుస్తకంలో కోనికల్‌కు వేరే అంకెలు ఉంటాయి, వాటినే పట్టుకోండి. కొన్ని పాత తరహా గొట్టాలకు కోనికల్ అసలు వద్దనే చెబుతారు. అలా ఉంటే ఈ పని అక్కడితో ఆపేయండి.

• బ్లాక్ పౌడర్, లేదా దాని బదులు వాడటానికి తయారైన మందు మాత్రమే. ఇప్పటి తుపాకుల కార్ట్రిడ్జ్‌లలో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా కలవకూడదు. గొట్టం పగిలిపోతుంది.
• డబ్బా నుంచి, ఫ్లాస్క్ నుంచి నేరుగా గొట్టంలోకి మందు పోయకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే పేలుతుంది. ముందు కొలతగిన్నెలోకి, అక్కడి నుంచి గొట్టంలోకి.
• కళ్లద్దాలు, చెవి రక్షణ పెట్టుకోకుండా ఒక్క షాట్ కూడా వద్దు.
• దట్టించేటప్పుడు ముఖం గానీ, ఛాతీ గానీ గొట్టం మూతి మీదికి రాకూడదు.
• రైఫిల్ టార్గెట్ వైపు తిరిగాకే క్యాప్ (పేలి మందుకు నిప్పు అందించే చిన్న లోహపు టోపీ) పెట్టాలి.
• మీరున్న చోట చట్టం అనుమతించే రైఫిల్, అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్ మాత్రమే.

2. మీ గొట్టంలో మెలిక ఎంతో కొలవండి

గొట్టం లోపలి గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో అదే మెలిక. గుండుకు నెమ్మది మెలిక చాలు, 60 అంగుళాలకో 66 అంగుళాలకో ఒక చుట్టు. పొడవాటి కోనికల్ గాలిలో తల తిరగకుండా ముందుకు పోవాలంటే ఇంకా వేగంగా తిరగాలి. అందుకని కోనికల్ కోసం చేసిన గొట్టాల్లో 28, 32 అంగుళాల మెలిక ఎక్కువగా కనిపిస్తుంది. 48 అంగుళాలది రెండింటికీ మధ్యస్థం.

పెట్టె మీద రాసిన అంకెను నమ్మి ఊరుకోకుండా ఒకసారి మీరే కొలవండి.

1) రైఫిల్ ఖాళీగా ఉందని కడ్డీ దించి రూఢి చేసుకోండి. గొట్టం బయట కడ్డీని ఆనించి చూస్తే, లోపలికి దిగిన పొడవు మందు గది దాకా వచ్చిందో లేదో తెలిసిపోతుంది.
2) పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతైన గుడ్డ ముక్క పెట్టి గొట్టం అడుగు దాకా దించండి.
3) మూతి దగ్గర రాడ్ మీద టేపు చుట్టి, పైవైపున నిలువుగా ఒక గీత గీయండి.
4) రాడ్‌ను మెల్లగా బయటికి లాగండి. గీత పావు చుట్టు తిరిగి పక్కకు వచ్చినచోట ఆపండి.
5) ఎన్ని అంగుళాలు బయటికి వచ్చిందో కొలిచి నాలుగుతో గుణించండి. 12 అంగుళాలు వస్తే మెలిక 48.

మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి. గుడ్డ వదులుగా ఉంటే గాడిలో పట్టు తప్పి జారుతుంది, లెక్క తప్పుతుంది.

ఇక ఆ మెలికకు ఎంత పొడవు తూటా సరిపోతుందన్న లెక్క. సీసపు తూటాలకు గ్రీన్‌హిల్ సూత్రం ఇప్పటికీ బాగా పనికొస్తుంది. తూటా వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, దాని వర్గాన్ని 150తో గుణించి, తూటా పొడవుతో భాగించాలి. .50 క్యాలిబర్ అయితే వర్గం 0.25, దాన్ని 150తో గుణిస్తే 37.5. తూటా పొడవు 0.75 అంగుళాలైతే 50 వస్తుంది, అంటే 48 అంగుళాల మెలిక దాన్ని నిలబెట్టగలదు. పొడవు 0.9 అయితే దాదాపు 42 వస్తుంది. 48 గొట్టానికి అది బరువే. ఒక అంగుళం పొడవుంటే 38 అంగుళాలు గానీ, అంతకంటే వేగమైన మెలిక గానీ కావాలి.

ఇక్కడ బరువు కంటే పొడవే ముఖ్యమని గమనించండి. మొద్దు ముక్కు తూటా ఎక్కువ బరువున్నా పొట్టిగా ఉండొచ్చు. దుకాణంలో బరువు చూసి కొనేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. క్యాలిపర్‌తో పొడవు కొలిచాకే ఆ తూటా మీ పరీక్షలోకి రావాలి.

3. తూటాలను ఏరండి

ఈ ఒక్క పని సరిగా చేస్తే సగం సమస్యలు తీరిపోతాయి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఒక తూటాను తలకిందులుగా, అడుగు పైకి వచ్చేలా పట్టుకుని కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో తిప్పి చూడండి. అడుగు అంచు మొత్తం కత్తితో కోసినట్టు పదునుగా, గుండ్రంగా కనపడాలి. ఒకచోట అంచు మెత్తగా గుండ్రబడి ఉంటే, పోత పోసేటప్పుడు సీసం అక్కడ నిండలేదన్నమాట. ఒకవైపు చిన్న రెక్కలా సీసం పొడుచుకొచ్చి ఉంటే అచ్చు సరిగా మూసుకోలేదు. తూటా గొట్టం వదిలే క్షణంలో వెనక నుంచి వాయువు అడుగు చుట్టూ ఒకేసారి బయటికి రావాలి. అంచు ఒకచోట తగ్గితే వాయువు అటునుంచి ముందుగా తన్నుకొస్తుంది, తూటా పక్కకు వాలుతుంది. ముక్కు మీద చిన్న గీత ఉన్నా గురికి పెద్దగా నష్టం ఉండదు. అడుగు మీద అదే గీత ఉంటే పక్కన పెట్టేయాల్సిందే.

కంటితో ఏరాక తూకం. గ్రెయిన్లు చూపించే చిన్న డిజిటల్ త్రాసు చాలు. ఇరవై, ముప్పై తూటాలు తూచి బరువులు వరుసగా రాయండి. ఎక్కువ భాగం ఒక అంకె చుట్టూ చేరతాయి. వాటి కంటే బాగా తేలిక పడినవాటి లోపల గాలి బుడగ ఉండొచ్చు. పైకి నున్నగా మెరిసిపోతున్నా మొహమాటపడకండి, కరిగించే గిన్నెలోకి వేసేయండి. నేను 370 గ్రెయిన్ల తూటాల్లో అటూఇటూ ఒక గ్రెయిన్ లోపువే పరీక్షకు ఉంచుతాను. రెండు గ్రెయిన్ల దాకా తేడా ఉన్నవి సైట్ సరిచేసుకోవడానికి, చేయి అలవాటు కావడానికి వాడతాను.

సీసం మెత్తగా ఉండాలి. గోటితో గట్టిగా గీస్తే గీత పడాలి. పాత సామాను కరిగించిన గట్టి సీసంతో చేసిన తూటా గాడుల్లోకి సరిగా ఒదగదు, దట్టించడమూ కష్టం. అడుగున గుల్లగా ఉండే మినియే రకానికి ఈ మాట ఇంకా ముఖ్యం. మందు పేలినప్పుడు ఆ పలచటి గోడ విచ్చుకుని గాడుల్ని పట్టుకోవాలి, గట్టి సీసం విచ్చుకోదు.

సొంతంగా పోత పోసేవాళ్లకు రెండు మాటలు. గాలి ఆడేచోట పొయ్యి పెట్టుకోండి. కరిగిన సీసం దగ్గరికి నీటి చుక్క కూడా రానివ్వకండి, ఆవిరై సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కున్నాకే ఏదైనా నోట్లో పెట్టుకోవాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి.

4. తూటా గొట్టానికి అమరుతోందా?

కోనికల్స్‌లో రెండు రకాలు ఎక్కువగా వాడతారు. మొదటిది అడుగు గట్టిగా ఉండి, తూటా చుట్టూ ఉండే ఉబ్బెత్తు పట్టీల్లో పైది గొట్టం గాడులకు కాస్త బిగుతుగా ఉండే రకం. దీని కింది పట్టీలు మూతిలోకి వేలితో దిగాలి, పై పట్టీకి మాత్రం స్టార్టర్‌తో (తూటాను మూతిలోకి దించే పొట్టి కడ్డీ) నొక్కాల్సి రావాలి. అలా నొక్కినప్పుడు గాడుల అచ్చు సీసం మీద పడుతుంది. పూర్తిగా వేలితోనే దిగిపోతే అది మీ గొట్టానికి వదులు. సుత్తి కావాలనిపిస్తే బిగుతు ఎక్కువ.

రెండోది మినియే రకం. గొట్టం లోపలి వ్యాసం కంటే అంగుళంలో ఒకటి, రెండు వేల వంతులు సన్నగా ఉండాలి. కడ్డీ బరువుకే మెల్లగా జారుతూ దిగితే సరిగ్గా ఉన్నట్టు. అంతకంటే వదులైతే గోడ విచ్చుకునేలోపే వాయువు పక్కల నుంచి తప్పించుకుంటుంది.

కోనికల్‌కు ఉన్న ఒక ప్రమాదాన్ని గుండు వాడేవాళ్లు ఊహించరు. గుండు చుట్టూ గుడ్డ బిగుతుగా ఉంటుంది, జారదు. కోనికల్‌కు గుడ్డ ఉండదు. మూతి కిందికి వాలితే, రైఫిల్ కుదుపుకు గురైతే తూటా మందు మీద నుంచి ముందుకు జారొచ్చు. మందుకూ తూటాకూ మధ్య ఖాళీ ఉండగా కాలిస్తే గొట్టం ఉబ్బిపోవచ్చు, పగలొచ్చు.

దీన్ని రేంజ్‌లోనే పరీక్షించండి. మందు, తూటా దట్టించి, మూతి దగ్గర కడ్డీ మీద గుర్తు పెట్టుకున్నాక, క్యాప్ పెట్టకుండా, రైఫిల్‌ను టార్గెట్ వైపే ఉంచి మూతిని కాసేపు కిందికి వాల్చండి. మళ్లీ పైకెత్తి కడ్డీ దించి గుర్తు చూడండి. గుర్తు ముందున్న చోటే ఉంటే తూటా నిలిచినట్టు. కాస్త పైకి వచ్చినా తూటాను తిరిగి మందు మీదికి నొక్కి కాల్చేయండి, ఆ తూటాను జాబితాలోంచి కొట్టేయండి. ఎంత చక్కటి గ్రూప్ ఇచ్చినా సరే.

5. మందు, క్యాప్, లూబ్, బిళ్ల

.50, అంతకంటే పెద్ద క్యాలిబర్లకు మామూలుగా 2ఎఫ్ మందు, చిన్నవాటికి 3ఎఫ్ (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ మందు పలుకు సన్నబడుతుంది). తయారీదారు వేరేగా చెబితే అదే పాటించండి. మందును బరువుతో కాక పరిమాణంతోనే, కొలతగిన్నె మీది గ్రెయిన్ల గీతలతో కొలవాలి. బదులు మందులు బ్లాక్ పౌడర్ కంటే తేలిక. త్రాసులో బ్లాక్ పౌడర్ బరువుకు సమానంగా తూచి పోస్తే మోతాదు మించిపోతుంది. కొలతగిన్నె నింపే తీరు కూడా ఒకేలా ఉండాలి. కాస్త పొర్లేలా పోసి, పక్కన రెండుసార్లు తట్టి, పైన సమం చేయండి. ఒకసారి తట్టి ఒకసారి తట్టకుండా పోస్తే మోతాదు తేడా వచ్చేస్తుంది. ఇంట్లోనే తీరిగ్గా కొలిచి మూత ఉన్న చిన్న గొట్టాల్లో నింపి, ప్రతిదాని మీదా అంకె రాసుకోవడం ఇంకా మంచిది. రేంజ్‌లో మాటల్లో పడి మందు రెండుసార్లు పోసే పొరపాటు, అసలు పోయకుండా తూటా దించేసే పొరపాటు దీంతో తప్పుతాయి.

క్యాప్ ఒకే కంపెనీది, ఒకే డబ్బాది వాడండి.

లూబ్ (తూటాకు పట్టించే జిడ్డు) విషయంలో తేనెమైనం, జంతు కొవ్వు లేదా వంటనూనె కలిపినది చాలు. పెట్రోలియం గ్రీజులు బ్లాక్ పౌడర్ మసితో కలిస్తే తారులా గట్టిపడతాయి. తూటా చుట్టూ ఉన్న గాడుల్లో లూబ్ ఖాళీ లేకుండా నిండాలి. అడుగున మాత్రం అంటకూడదు, అంటితే మందు తడుస్తుంది. ఎండలో లూబ్ కరిగిపోతుంది కాబట్టి తూటాల డబ్బాను నీడలోనే ఉంచండి.

షాట్ తర్వాత మూతి మీద వేలు పెట్టి చూడండి. మెత్తగా జిడ్డుగా నల్లటి వలయం కనిపిస్తే లూబ్ సరిపోయింది. పొడిపొడిగా పెంకులా ఉంటే చాలలేదు.

అడుగు గట్టిగా ఉండే తూటాలకు మందుకూ తూటాకూ మధ్య లూబ్ పట్టించిన ఫెల్ట్ బిళ్ల వేస్తే చాలాసార్లు గ్రూప్ కుదుటపడుతుంది. మినియే రకానికి బిళ్ల లేకుండానే మొదలుపెట్టండి.

6. బెంచ్ దగ్గర ఏర్పాటు

రైఫిల్ ముందు చెక్కను ఇసుక సంచి మీద పెట్టండి. ఉక్కు గొట్టాన్ని నేరుగా సంచి మీద ఆనించవద్దు, తూటాలు పడే చోటు మారిపోతుంది. చెక్క మీద చిన్న టేపు ముక్క అంటించి, ప్రతి షాట్‌కూ అదే చోటు సంచి మీద ఉండేలా చూసుకోండి. వెనక కూడా ఒక చిన్న సంచి. బెంచ్ మీద ముందుకు వాలిపోకుండా నిటారుగా కూర్చుంటే శరీరం తన్నుతో పాటు వెనక్కి ఊగుతుంది, నొప్పి తగ్గుతుంది. నొప్పి గుర్తొస్తే ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుపోతాయి. అక్కడి నుంచి పరీక్ష జరిగేది మీ భయానికే, తూటాకు కాదు. అందుకే భుజం మెత్త పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, ఒక పూటలో పదిహేను షాట్లు మించవద్దు.

మందు డబ్బాల మూతలు బిగించి బెంచ్‌కు దూరంగా ఉంచండి.

మొదట 25 గజాల్లో రెండు షాట్లు కొట్టి కాగితం మీద పడుతున్నాయో చూడండి. తర్వాత 50 గజాలకు వెళ్లండి. తూటాల మధ్య పోలిక ఇక్కడే తేలుతుంది. 50లో నెగ్గిన ఒకటి, రెండింటినే 100 గజాలకు తీసుకెళ్లండి.

సైట్ ముట్టుకోకండి. తూటాలు గురి చుక్కకు అరచేయి దూరంలో పడుతున్నా సరే, ఇప్పుడు చూడాల్సింది అవి ఎంత దగ్గరగా పడుతున్నాయనే. మధ్యలో స్క్రూ తిప్పితే ఆ రోజు లెక్క మొత్తం పాడైపోతుంది.

7. ఒక్కో షాట్ వరుస

ఈ వరుసను అట్ట మీద రాసి బెంచ్‌కు అంటించుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

1) మొదటి షాట్‌కు ముందు, గొట్టం ఖాళీ అని కడ్డీ గుర్తుతో చూసుకుని, పొడి గుడ్డతో నూనె తుడిచి, రెండు క్యాప్‌లు పేల్చండి. మూతిని నేల మీద గడ్డికి దగ్గరగా పెట్టి పేలిస్తే గడ్డి కదలాలి. కదిలితే క్యాప్ నుంచి మందుకు నిప్పు వెళ్లే దారి తెరుచుకుంది.
2) కొలిచిన మందు పోసి, గొట్టం పక్కన అరచేత్తో నాలుగైదు సార్లు తట్టండి.
3) బిళ్ల వాడుతుంటే సాపుగా దించండి.
4) తూటాను మూతిలో నిటారుగా నిలబెట్టండి. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడండి. ఒకవైపు నుంచి చూస్తే వంకర దాగిపోతుంది.
5) ముక్కు ఆకారానికి సరిపోయే గుంట ఉన్న స్టార్టర్‌తో ఒకే నొక్కుతో దించండి.
6) కడ్డీతో ఆగకుండా ఒకే వేగంతో మందు దాకా తీసుకెళ్లి, ప్రతిసారీ అంతే బలంతో నొక్కి ఆపండి. కడ్డీ ఎత్తి తూటా మీద కొట్టకండి, ముక్కు నలుగుతుంది, మందు నలుగుతుంది.
7) కడ్డీ మీది గుర్తు చూడండి. ఒక గీత ఖాళీ గొట్టానిది, ఒక గీత ఈ లోడ్‌ది. గీత పైనే ఆగిందంటే తూటా పూర్తిగా దిగలేదు. అలాగే కాల్చకూడదు.
8) కడ్డీ బయటికి తీసి పక్కన పెట్టండి. రైఫిల్ టార్గెట్ వైపు పెట్టి, క్యాప్ పెట్టి, కాల్చండి.
9) షాట్ ఎక్కడ పడిందో చూసేముందే, ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో గురి ఎటు ఉందో నోట్‌బుక్‌లో రాయండి. "కుడికి లాగాను" అని నిజాయితీగా రాస్తే ఆ చిల్లును తర్వాత అర్థం చేసుకోవచ్చు.
10) ఒక నిమిషం ఆగండి. చెమ్మ గుడ్డ ఒకవైపు ఒకసారి, తిప్పి ఇంకోసారి, ఆ తర్వాత ఒక పొడి గుడ్డ. మళ్లీ రెండో మెట్టు నుంచి.

గుడ్డ చెమ్మగా ఉండాలి, నీరు కారకూడదు. కారితే మసి ముద్దై మందు గదిలోకి చేరి నిప్పు దారిని మూసేస్తుంది. గుడ్డను వేళ్ల మధ్య పిండితే చుక్క రాకూడదు, అంతే చెమ్మ చాలు.

క్యాప్ పేలి రైఫిల్ పేలకపోతే కంగారుపడి మూతి తిప్పకండి. టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగి, కొత్త క్యాప్ పెట్టండి. మందు పోయడం మర్చిపోయి తూటా దించేసినా దాన్ని గుచ్చి లాగాలని చూడకండి, కోనికల్‌ను అలా బయటికి తీయడం చాలా కష్టం. కార్బన్ డయాక్సైడ్ డిశ్చార్జర్‌తో, టార్గెట్ వైపు పెట్టి, తూటాను బయటికి నెట్టేయండి.

8. ఏది, ఎప్పుడు మార్చాలి?

ఒక పూటకు ఒక్క అంశంలోనే మార్పు. దీనికి మినహాయింపు లేదు.

ముందు తూటా తేల్చండి. మూడు రకాల తూటాలు తీసుకుని, పుస్తకం చెప్పిన కనీస మోతాదుకు దగ్గరగా ఒకే మందు, ఒకే క్యాప్‌తో ఒక్కోదానికి అయిదు షాట్లు. అయిదూ ఒకేసారి కొట్టేయకుండా, మూడు టార్గెట్లు పక్కపక్కన పెట్టి, ఒకటో తూటా ఒకటి, రెండోది ఒకటి, మూడోది ఒకటి అని వంతులవారీగా కొట్టండి. వెలుతురు మారినా, భుజం అలిసినా, గొట్టం వేడెక్కినా ఆ ప్రభావం మూడింటి మీదా సమానంగా పడుతుంది.

తర్వాత మందు. ఉదాహరణకు పుస్తకంలో మీ రైఫిల్‌కు కోనికల్‌తో 60 నుంచి 80 గ్రెయిన్లని ఉందనుకోండి. 60, 65, 70, 75, 80. ఇది రెండు పూటల పని. గ్రూప్ చిన్నదవుతూ వచ్చి, ఒకచోట ఆగి, మళ్లీ పెద్దదవడం చాలా గొట్టాల్లో చూస్తాం. అతి చిన్న గ్రూప్ ఒంటరిగా ఒక అంకె దగ్గరే కనిపించి, పక్క రెండూ పాడుగా ఉంటే దాన్ని నమ్మకండి. పక్కపక్కన రెండు మోతాదులూ బాగున్నచోట నిలవండి. అక్కడ కొలతలో చిన్న తేడా వచ్చినా గురి చెదరదు. గరిష్ఠం దగ్గరే గురి కుదురుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. నా రైఫిళ్లలో కోనికల్ మధ్య మోతాదుల్లోనే బాగా కుదిరింది.

ఆ తర్వాత బిళ్లతో, బిళ్ల లేకుండా. చివరగా లూబ్. చాలామందికి అక్కడిదాకా వెళ్లే అవసరమే రాదు.

మూడు షాట్ల గ్రూప్ ఎవరినైనా మోసం చేస్తుంది. అయిదు కనీసం, అది కూడా రెండుసార్లు. దీనికో సులువు ఉంది. టార్గెట్ కాగితం వెనక ఇంకో తెల్ల కాగితం అంటించి, ముందు కాగితం మార్చినా వెనకది మార్చకండి. రెండు గ్రూపులూ కలిసి దాని మీద పది చిల్లులుగా కనిపిస్తాయి. లోడ్ అసలు సత్తా ఆ పది చిల్లుల్లో కనిపిస్తుంది.

కొలవడానికి దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి దూరం తీసుకోండి. తెరిచిన సైట్లతో 100 గజాల్లో అయిదు షాట్లు 4 అంగుళాల్లో పడితే మంచి లోడ్ అనే అంటాను.

9. కాగితం ఏం చెబుతోంది?

చిల్లు గుండ్రంగా కాకుండా కోలగా, తాళం కప్ప రంధ్రంలా ఉంటే తూటా అడ్డంగా తిరుగుతోంది. మందుతో సరిచేసే ప్రయత్నం ఎక్కువసేపు చేయకండి. ఒక మెట్టు పెంచి చూడండి, మారకపోతే పొట్టి తూటాకు మారండి. రెండో భాగంలోని మెలిక లెక్క మళ్లీ చూసుకోండి.

గ్రూప్ నిలువుగా సాగితే మందు కొలత, కడ్డీ నొక్కే బలం, తుడిచే తీరు ఈ మూడింటిలో ఏదో మారుతోంది. ముందు చెక్క సంచి మీద వేర్వేరు చోట్ల ఆనినా ఇలాగే వస్తుంది.

అడ్డంగా సాగితే గాలి, ట్రిగ్గర్ మీద వేలు, రైఫిల్ ఒక పక్కకు ఒరగడం. సైట్ మీద ఎండ ఒకవైపు నుంచి పడినా అంతే.

నాలుగు దగ్గరగా, ఒకటి దూరంగా. ఆ ఒక్కటి ప్రతిసారీ మొదటి షాటే అయితే కారణం శుభ్రంగా ఉన్న గొట్టం, తూటా కాదు. ఎప్పుడో ఒకసారి ఏదో ఒకటి తప్పితే మూడో భాగానికి వెళ్లి తూటాల అడుగులు మళ్లీ చూడండి.

రెండు విడివిడి గుంపులు కనిపిస్తే స్క్రూలు చూడండి. సైట్ వదులైందేమో, గొట్టాన్ని చెక్కకు బిగించే మేకు వదులైందేమో. ఈ ఒక్క కారణంతో నెలల తరబడి తూటాలు మార్చినవాళ్లను చూశాను.

షాట్ షాట్‌కూ ఒకే దిక్కుగా జరుగుతూ పోతే మసి పేరుకుంటోంది, లేదా గొట్టం వేడెక్కుతోంది. షాట్ల మధ్య అయిదు నిమిషాలు ఇవ్వండి. తూటా దిగుతూ ఒకచోట ఉన్నట్టుండి బిగుసుకుంటే అక్కడ మసి వలయం కట్టింది. అప్పుడు కొట్టి దించవద్దు. కడ్డీతో నిదానంగా గట్టిగా నొక్కితే దిగి, గుర్తు సరిపోతే కాల్చండి. దిగకపోతే కాల్చకుండా డిశ్చార్జర్‌తో బయటికి నెట్టి, బాగా తుడిచి మొదలుపెట్టండి.

రేంజ్ మొత్తం ఆగాక, అందరూ తుపాకులు కింద పెట్టాక, ముందుకు వెళ్లి ఫెల్ట్ బిళ్లలు ఏరుకుని చూడండి. పది, ఇరవై అడుగుల దూరంలో దొరుకుతాయి. అంచు ఒకవైపు కాలి చిల్లు పడి ఉంటే అక్కడి నుంచి వాయువు దాటుతోంది. తూటా వదులు, లేదా బిళ్ల పలచన.

10. ఇంటికి రాగానే, ఆ తర్వాత మూడు ఉదయాలు

బ్లాక్ పౌడర్ మసి గాలిలోని చెమ్మను పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. సబ్బు కలిపిన వేడినీళ్లతో గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పలచగా నూనె రాయండి. మర్నాడు ఇంకో పొడి గుడ్డ దించి చూడండి. ఎర్రటి మరక కనిపిస్తే మళ్లీ కడగాలి. గొట్టంలో తుప్పు గుంటలు పడ్డాక ఏ తూటా పరీక్షా పనికిరాదు.

ఎంచుకున్న లోడ్‌కు ఒక పరీక్ష మిగిలి ఉంది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు వెళ్లి, ప్రతిసారీ శుభ్రమైన చల్లటి గొట్టంతో ఒక్క షాట్ మాత్రం అదే కాగితం మీద కొట్టండి. కాగితం ఇంటికి తెచ్చుకుని దాచి, మళ్లీ అదే చోట అంటించండి. బెంచ్ మీద అయిదు షాట్లు కుదిరినా, ఇక్కడ మొదటి షాట్ ఒక్కో రోజు ఒక్కో చోట పడితే నూనె తుడవడంలోనో, క్యాప్‌లు పేల్చడంలోనో తేడా ఉంది. ఏడో భాగంలో మొదటి అంశానికి తిరిగి వెళ్లండి.

మూడు చిల్లులూ అరచేయి కింద దాగాయంటే ఇప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి. తూటా ఎటు పడాలనుకుంటున్నారో వెనక సైట్‌ను అటే జరపాలి. ముందు సైట్ అయితే దానికి ఎదురు దిక్కు. కాస్త జరిపి, రెండు షాట్లు కొట్టి, చూసి, మళ్లీ కాస్త జరపండి.